మదర్‌బోర్డు పోయిందిట!

"ఒరేయ్ చిన్నా, మదర్‌బోర్డు పోయిందిటరా. ఇరవై ఎనిమిది వేలవుతుందంటున్నారు. వేయించెయ్యమంటావా?"

2024 ఆగస్టులో ఓ గురువారం సాయంత్రం మా బాబాయి ఫోన్ చేసి అడిగిన ప్రశ్న ఇది. అప్పుడు నేను ఆఫీసులో మీటింగులో ఉన్నాను. మామూలుగా అయితే "తర్వాత చేస్తా బాబాయ్" అని పెట్టేసేవాణ్ణే. కానీ ఆ "వేయించెయ్యమంటావా" అన్న మాట దగ్గర ఆగిపోయాను. నేను ఊఁ అంటే ఆయన ఆ డబ్బు కట్టేస్తాడు. ఎందుకంటే మా ఇంటిమొత్తానికీ "కంప్యూటర్ ఇంజనీరు"ని నేనే మరి!

బాబాయికి తెనాలిలో చిన్న డీటీపీ షాపుంది. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, స్కూళ్ళ ప్రోగ్రెస్ కార్డులు... ఇవీ ఆయన వ్యాపారం. ఆషాఢం వెళ్ళి శ్రావణం ముహూర్తాలు మొదలయ్యాయంటే అన్నం తినే తీరిక కూడా ఉండదు. లాప్‌టాప్ తెర మీద పార్టీ వాళ్ళు పంపిన మేటరు, పక్కన 24 అంగుళాల మానిటర్లో పేజీ. రెండూ ఉంటేనే పని సాగుతుంది. పైగా అంతకు ముందు ఏడాదే ఆయనకి రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషను అయింది. లాప్‌టాప్ బుల్లి తెర మీద ఒత్తులూ వట్రసుడులూ వెతికి దిద్దడం ఆయన వల్ల కాదు. పెళ్ళికూతురి పేరులో ఒక్క దీర్ఘం ఎగిరిపోతే ఐదొందల కార్డులు చెత్తబుట్టలోకే.

ఆ పెద్ద మానిటరే వెలగడం మానేసింది. లాప్‌టాప్ తెర నిక్షేపంగా ఉంది. మానిటరు మాత్రం "నో సిగ్నల్" అని చూపించి నిద్రపోతోంది.

వెనక కథ కాస్త చెప్పాలి. ఆ లాప్‌టాప్ 2023లో కొన్నాడు, విండోస్ 11తోనే వచ్చింది. అసలు పని మాత్రం పాత డెస్క్‌టాప్ మీదే చేసేవాడు. ఆయన డీటీపీ సాఫ్ట్‌వేరుకి ఓ డాంగిల్ ఉంది, యూఎస్‌బీ తాళంచెవి లాంటిదన్నమాట, అది గుచ్చితే తప్ప సాఫ్ట్‌వేరు తెరుచుకోదు. 2024 జూలైలో డెస్క్‌టాప్ చచ్చిపోయింది. డాంగిల్ తెచ్చి లాప్‌టాప్‌కి గుచ్చితే విండోస్ 11 దాన్ని గుర్తుపట్టలేదు. నాకు ఫోన్ చేశాడు. నేనేమో ఓ చేత్తో బిర్యానీ తింటూ, రెండో క్షణం ఆలోచించకుండా, "ఆ 11తో వచ్చిన గోలే ఇదంతా, 10 వేయించేసుకో బాబాయ్" అని ఉచిత సలహా పారేశాను.

వీధి చివర మెకానిక్కు కుర్రాడు వచ్చి మొత్తం ఫార్మాట్ కొట్టి విండోస్ 10 వేశాడు. మూడొందలు తీసుకున్నాడు. డాంగిల్ పని చేసింది. మానిటరు ఆగిపోయింది.

ఆ తర్వాత జరిగినదంతా మీకు కంఠతా వచ్చే ఉంటుంది. కుర్రాడు కేబులు మార్చాడు. ఇంకోసారి ఫార్మాట్ కొట్టాడు. మరో మూడొందలు. ఆఖరికి "పోర్టు పోయింది అంకుల్" అని తేల్చేశాడు. బాబాయి లాప్‌టాప్ పట్టుకుని అధీకృత సర్వీసు సెంటరుకి వెళ్ళాడు. ఏ కంపెనీది అని అడక్కండి, పేరు మారినా కౌంటర్లో మాట మారదు. అక్కడాయన ఓ హెచ్‌డీఎంఐ కేబులు గుచ్చి, పీకి, "మీరు ఓఎస్ మార్చారు సార్, ఆ ఓఎస్‌కి ఈ మోడల్లో సపోర్టు లేదు. పోర్టు మదర్‌బోర్డుకే అతికి ఉంటుంది కాబట్టి బోర్డు మొత్తం మార్చాలి. వారంటీ కూడా అయిపోయింది" అన్నాడు. ఇరవై ఎనిమిది వేలు. కొత్త లాప్‌టాప్ ధరలో సగం పైనే.

ఒక్కసారి ఆ మాటల్ని మళ్ళీ చదవండి. మొదటి వాక్యం సాఫ్ట్‌వేరు గురించి. రెండో వాక్యం హార్డ్‌వేరు గురించి. ఈ రెంటికీ మధ్య ఉండాల్సిన "కాబట్టి" ఎక్కడుంది? ఓఎస్ మార్చితే సోల్డరింగ్ ఊడిపోతుందా? ఆదివారం దాకా పనిచేసిన పోర్టు, ఫార్మాట్ అయిన మరుక్షణం నుంచి పనిచెయ్యకపోతే ముందు ఎవర్ని అనుమానించాలి? ఇది ఎనిమిదో క్లాసు కుర్రాడు కూడా చెప్పే లాజిక్కు. అయినా ఒక ప్రొఫెషనల్ ఆ మాట అనగలిగాడు, ఇంకో పెద్దమనిషి దానికి డబ్బులు కట్టడానికి సిద్ధపడ్డాడు.

శుక్రవారం సాయంత్రం నారాయణాద్రి ఎక్కాను.

శనివారం పొద్దున్నే షాపులో కూర్చుని చేసిన పని పెద్ద పాండిత్యమేం కాదు. వరసగా చెప్తాను.

ముందు మానిటరు సంగతి. అదే మానిటరుకి అదే కేబులుతో బాబాయి ఇంట్లోంచి తెచ్చిన సెట్‌టాప్ బాక్సు తగిలించాను. బొమ్మ వచ్చింది. అంటే మానిటరూ బాగుంది, కేబులూ బాగుంది. రెండు నిమిషాలు. ఈ రెండు నిమిషాల పరీక్ష అంతవరకూ ఎవరూ చెయ్యలేదు.

తర్వాత పోర్టు సంగతి. నా దగ్గర ఎప్పుడూ ఉబుంటు పెన్‌డ్రైవు ఒకటి ఉంటుంది. ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేకుండా పెన్‌డ్రైవు మీంచే లాప్‌టాప్‌ని లేపాను, హార్డ్‌డిస్కు జోలికే పోలేదు. ఉబుంటు లేవగానే... పెద్ద మానిటరు వెలిగింది! బాబాయి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఇదేంట్రా, పోయిందన్నారుగా?" అన్నాడు. పోర్టు పోతే లైనక్సుకీ పోవాలి, విండోసుకీ పోవాలి. ఇక్కడితో ఇరవై ఎనిమిది వేలు మిగిలాయి. లెక్కపెడితే పదిహేను నిమిషాలు.

ఇక అసలు దొంగ. విండోస్ 10లోకి వెళ్ళి డివైస్ మేనేజర్ తెరిచాను. ఆ లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్పులు రెండు. ఒకటి ప్రాసెసర్‌తో కలిసొచ్చేది, ఇంకోటి విడిగా ఉండేది. కుర్రాడు తన డ్రైవర్ల పెన్‌డ్రైవు లోంచి మొదటిదానికి మాత్రం డ్రైవరు వేశాడు. లాప్‌టాప్ సొంత తెర దాని మీదే నడుస్తుంది కాబట్టి అది అద్దంలా కనిపిస్తోంది. రెండో చిప్పుకి ఎదురుగా "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంది. అంటే అసలు డ్రైవరు దొరక్కపోతే విండోస్ పెట్టుకునే తాత్కాలిక సర్దుబాటు. రెండో తెర సంగతి దానికి పట్టదు. ఈ మోడల్లో హెచ్‌డీఎంఐ పోర్టు తీగ వెళ్ళేది సరిగ్గా ఆ రెండో చిప్పుకే. కొన్ని లాప్‌టాపుల్లో మొదటిదానికి వెళ్తుంది, కొన్నిట్లో రెండోదానికి. బయటినుంచి చూస్తే తెలీదు.

మామూలుగా అయితే విండోస్ అప్‌డేటే ఆ డ్రైవరు తెచ్చుకునేది. కానీ కుర్రాడు "స్లో అయిపోద్ది అంకుల్" అని అప్‌డేట్లు కూడా ఆపేసి వెళ్ళాడు.

కేబులు గుచ్చినప్పుడు లోపల ఏం జరుగుతుందో మనలో చాలామందికి తెలీదు, నాకూ ఆ రోజు దాకా సగమే తెలుసు. హెచ్‌డీఎంఐలో 19 పిన్నులుంటాయి. అందులో 19వది మానిటరు వచ్చిందని లాప్‌టాప్‌కి కబురు చెప్పడానికే. కబురు అందాక లాప్‌టాప్ "నీ కొలతలేమిటి" అని అడుగుతుంది. మానిటరు కనీసం 128 బైట్ల చీటీ ఒకటి అందిస్తుంది, దాన్నే ఈడీఐడీ అంటారు. తన రిజల్యూషను, రిఫ్రెష్ రేటు అన్నీ అందులో ఉంటాయి. ఇటువైపు ఆ మాటలన్నీ నడిపించాల్సింది గ్రాఫిక్స్ డ్రైవరు. అది లేకపోతే బయట చుట్టం ఎంతసేపు తలుపు కొట్టినా లోపల పలికే మనిషి లేడు. దీనికి గుమ్మం పగలగొట్టి కొత్తది కట్టించమంటున్నారు మన సర్వీసు సెంటరు వారు!

లాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైటులో ఆ మోడలు కొట్టి చూస్తే విండోస్ 11 డ్రైవర్లు మాత్రమే ఉన్నాయి. విండోస్ 10 అన్న వరసే లేదు. కుర్రాడు ఇక్కడే ఆగిపోయాడు. కానీ డివైస్ మేనేజర్లో ఆ చిప్పు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డిటైల్స్, అందులో హార్డ్‌వేర్ ఐడీ చూస్తే చిప్పు ఎవరిదో దాని నుదుటి మీదే రాసుంటుంది. 8086 అని ఉంటే ఇంటెల్, 10డీఈ అని ఉంటే ఎన్విడియా, 1002 అని ఉంటే ఏఎండీ. (8086! బీటెక్కులో మైక్రోప్రాసెసర్ ల్యాబులో ట్రైనర్ కిట్టు ముందు కూర్చుని తిట్టుకున్న నంబరే. ఇంటెల్ వాళ్ళు దాన్నే తమ గుర్తుగా పెట్టుకున్నారు :)) ఇక్కడ 10డీఈ. ఎన్విడియా సైటుకి వెళ్తే ఆ చిప్పు డ్రైవరు విండోస్ 10కీ 11కీ కలిపి ఒకటే ప్యాకేజీ. ఆరొందల ఎంబీ పైనే ఉంది. ఫోన్ హాట్‌స్పాటు మీద దింపి, వేసి, రీస్టార్ట్ చేశాను. మానిటరు వెలిగింది.

ఖర్చు సున్నా. టైము గంటలోపు, అందులో ముప్పావు భాగం డౌన్‌లోడే.

సరే, కథ సుఖాంతం, ఇంక గోలేముంది అంటారా? గోల ఇప్పుడే మొదలవుతోంది.

నా మొదటి ఫిర్యాదు తయారీదారుల మీద. మూడు వాక్యాలున్నాయి. "మేం దీన్ని పరీక్షించలేదు." "ఇది పనిచెయ్యదు." "ఇది పాడైపోయింది." ఈ మూడూ మూడు వేరువేరు సంగతులు. కంపెనీ నిజంగా చెప్పగలిగింది మొదటిది మాత్రమే. ఆ మోడలుకి విండోస్ 10 పరీక్షించలేదు, ఒప్పుకుంటాను, ప్రతి పాత ఓఎస్ మీదా ప్రతి మోడలూ పరీక్షించమనడం అన్యాయమే. కానీ వెబ్‌సైటులో అది రెండో వాక్యంగా మారింది. సర్వీసు కౌంటరుకి వచ్చేసరికి మూడోది అయిపోయింది. మొదటి వాక్యం ఖరీదు సున్నా, మూడోదాని ఖరీదు ఇరవై ఎనిమిది వేలు. మధ్యలో ఎవరూ అబద్ధం చెప్పినట్టు కనపడరు, కానీ చివర్లో అబద్ధం తయారై కూర్చుంటుంది.

వెనక్కి వెళ్తే నిజంగానే పోయేవి కూడా ఉన్నాయి. యూఎస్‌బీ4కి విండోస్ సొంతంగా సపోర్టు ఇవ్వడం 11తోనే మొదలైంది. దాని మీద ఆధారపడిన డాక్ ఉన్నవాడు 10కి వెళ్తే మానిటర్లు వెలక్కపోవచ్చు, అది డ్రైవరుతో తీరే జబ్బు కాకపోవచ్చు. గ్రాఫిక్స్ డ్రైవర్ల పద్ధతి కూడా మారుతూ వస్తుంది, విండోస్ 11తో డబ్ల్యూడీడీఎం 3.0 వచ్చింది. ఇవన్నీ నిజాలే. వీటిని కొనేముందు పెట్టె మీద రాయండి. "ఈ మోడలు ఫలానా ఓఎస్ నుంచి పైకి మాత్రమే" అని ఒక్క లైను. వెనక్కి వెళ్తే ఏది పనిచేస్తుందో, ఏది పోతుందో సపోర్టు పేజీలో ఇంకో నాలుగు లైన్లు. అంతేగానీ ఏమీ చెప్పకుండా, మనిషి ఇబ్బందిలో పడ్డాక కౌంటర్లో బోర్డు మార్చమనడం సపోర్టు అనిపించుకోదు.

ఇది కొత్త నాటకమూ కాదు. 2007 జనవరిలో విస్టా మార్కెట్లోకొచ్చినప్పుడు ఎక్స్‌పీకి వెనక్కి పోయినవాళ్ళ కథలు మా సీనియర్లు ఇప్పటికీ చెప్తారు. విస్టా బిజినెస్, అల్టిమేట్ కొన్నవాళ్ళకి ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌కి వెళ్ళే హక్కు లైసెన్సులోనే ఉండేది. హక్కుంది, కానీ కొత్త లాప్‌టాపుకి ఎక్స్‌పీ డ్రైవరు వెతుక్కోవడం మన ఖర్మ! 2016లో మైక్రోసాఫ్టు కొత్త తరం ప్రాసెసర్లకి కొత్త విండోసే అని ప్రకటించినప్పుడు విండోస్ 7 వాళ్ళదీ అదే గోస. ప్రతిసారీ పాత ఓఎస్ మీద ఏదో ఒక సాఫ్ట్‌వేరు, ఏదో ఒక ప్రింటరు, దాని మీద ఏదో ఒక కుటుంబం ఆధారపడి ఉంటుంది.

మన దేశంలో 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ "రైట్ టు రిపేర్" మీద కమిటీ వేసింది, ఆ డిసెంబర్ 24న పోర్టల్ కూడా మొదలైంది. మంచిదే. కానీ విడిభాగాలు, రిపేరు మాన్యువళ్ళు అంటూ మాట్లాడేటప్పుడు డ్రైవరు కూడా విడిభాగమే అని ఎవరైనా అనగా మీరు విన్నారా? బాబాయికి ఆ రోజు కావల్సిన స్పేర్ పార్టు ఆరొందల ఎంబీ ఫైలు. స్క్రూడ్రైవరు అక్కర్లేని రిపేరు అది.

ఇక రెండో ఫిర్యాదు. ఇది మన మీద.

ఆ మెకానిక్కు కుర్రాణ్ణి నేనేం అనను. ఇంటర్ మధ్యలో ఆపేసి, షాపులో చేరి, చూసి నేర్చుకున్నాడు. విజిట్‌కి మూడొందలు వస్తే అందులో యజమాని వాటా పోగా అతనికి మిగిలేదెంత? రోజుకి పదిళ్ళు తిరగాలి. అతనికి ఫార్మాట్ ఒక్కటే గ్యారంటీగా వచ్చిన విద్య. అదీ ఎవర్ని చూసి నేర్చుకున్నాడు? మనల్ని చూసే. ఇంటికి ఎవరు ఫోన్ చేసినా మన నోట్లోంచి వచ్చే మొదటి మాటేమిటి? "రీస్టార్ట్ చేశావా?" రెండోది? "ఫార్మాట్ కొట్టించెయ్." మూడోది? "పాతదైపోయింది, కొత్తది కొనేసుకో."

ఆఫీసులో ఇలాగే చేస్తామా? ప్రొడక్షన్లో ఓ సర్వరు పది నిమిషాలు పడుకుంటే క్లయింటు "రూట్ కాజ్ ఏంటి" అని అడుగుతాడు. రాత్రి రెండింటి దాకా కూర్చుని లాగులు తవ్వుతాం. ఐదుసార్లు "ఎందుకు" అని అడుక్కుని, టైమ్‌లైనుతో సహా ఐదు పేజీల ఆర్‌సీఏ పంపిస్తాం. "రీస్టార్ట్ చేశాం, పనిచేస్తోంది, టికెట్ క్లోజ్" అని రాస్తే మేనేజరు ఊరుకుంటాడా? క్లయింటుకి ఆర్‌సీఏ, బాబాయికి ఫార్మాటా? ఇదెక్కడి న్యాయం?

"టైమ్ లేదు బాస్" అంటారు. నిజమే. కారణం వెతకడానికి గంట పడుతుంది, ఫార్మాటుకి కూడా గంటే పడుతుంది. పైగా ఫార్మాట్ అయ్యాక ఫాంట్లు, ప్రింటరు, పాస్‌వర్డులు, బ్యాకప్ లేని ఫోటోలు... వీటి టైము మనది కాదు కాబట్టి లెక్కలోకి రాదు, అంతే. బాబాయి ఆ రెండు ఫార్మాట్ల మధ్య మూడు రోజులు షాపు మూసుకున్నాడు. రెండు పెళ్ళిళ్ళ ఆర్డర్లు పక్క షాపుకి పోయాయి. అవి నా "టైమ్ సేవింగ్" ఖాతాలో ఎక్కడా కనపడవు.

"మామూలు జనానికి ఇవన్నీ ఎందుకు, పనయితే చాలు" అనేవాళ్ళూ ఉన్నారు. కారు మెకానిక్కు ఇంజన్ తెరవకుండానే "ఇంజన్ మార్చండి" అంటే ఒప్పుకుంటారా? డాక్టరు నాడి కూడా చూడకుండా ఆపరేషన్ అంటే? అక్కడ కారణం అడుగుతాం. కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం కారణం అడగడం చాదస్తం అయిపోయింది.

ఇప్పుడు నేను తప్పించుకోవాలనుకున్న భాగం. కొన్ని నెలలు దాచుకున్నాను, చెప్పేస్తాను.

మానిటరు వెలిగాక మధ్యాహ్నం భోంచేసి, ఊరికే కూర్చోలేక, అసలు ఆ డాంగిల్ విండోస్ 11లో ఎందుకు పనిచెయ్యలేదో చూద్దామనుకున్నాను. నా లాప్‌టాప్‌లో 11 ఉంది. డాంగిల్ గుచ్చి పాత డ్రైవరు వేస్తే అది లోడవలేదు. కొత్త విండోస్ 11 మెషీన్లలో మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ మామూలుగా ఆన్ అయ్యే వస్తుంది. దాని నియమాలకి సరిపడని పాత డ్రైవర్లని అది కెర్నెల్లోకి రానివ్వదు. అందులో తప్పు లేదు, దాని పనే అది. దాన్ని ఆపేస్తే డాంగిల్ పనిచేసేదేమో గానీ అలా ఆపమని నేను చెప్పను. కానీ ఆపాల్సిన అవసరం కూడా లేదని ఇంకో పది నిమిషాల్లో తెలిసింది. డాంగిల్ తయారుచేసినవాళ్ళ సైటులో విండోస్ 11కి సరిపడే కొత్త డ్రైవరు ఉంది. అప్పటికి రెండేళ్ళుగా ఉంది. వేశాను. డాంగిల్ లైటు వెలిగింది.

అంటే బాబాయి విండోస్ 10కి వెళ్ళాల్సిన అవసరమే లేదు. రెండు ఫార్మాట్లు, మూసుకున్న షాపు, పోయిన ఆర్డర్లు, మదర్‌బోర్డు భయం, అన్నీ నేను బిర్యానీ తింటూ చెప్పిన ఒక్క ముక్కలోంచి పుట్టాయి. సర్వీసు సెంటరాయన కారణం తెలుసుకోకుండా బోర్డు మార్చమన్నాడు. నేను కారణం తెలుసుకోకుండా ఓఎస్ మార్చమన్నాను. మా ఇద్దరికీ తేడా ఏమిటి? ఆయన డబ్బులడిగాడు, నేను అడగలేదు. అంతే.

ఆ సంగతి బాబాయికి చెప్తే, "పోన్లేరా, నువ్వు రాబట్టేగా తెలిసింది" అన్నాడు. తిట్టుంటే బాగుండేది.

అందుకే ఇకమీద ఎవరికైనా బయటి తెర వెలక్కపోతే, ముఖ్యంగా ఓఎస్ మార్చాక వెలక్కపోతే, నోరు తెరిచేముందు నేను అడిగేవి ఇవీ:

1. చివరిసారి ఎప్పుడు పనిచేసింది? ఆ తర్వాత ఏం మార్చారు? (సగం కేసులు ఇక్కడే తేలతాయి.)

2. విండోస్ కీ, పీ కలిపి నొక్కి "ఎక్స్‌టెండ్" ఎంచుకున్నారా? ఒక్కోసారి "పీసీ స్క్రీన్ ఓన్లీ"లో ఉండిపోతుంది.

3. అదే కేబులు, అదే మానిటరు ఇంకో పరికరంతో పనిచేస్తున్నాయా?

4. లైనక్స్ పెన్‌డ్రైవుతో లేపితే మానిటరు వెలుగుతోందా? వెలిగితే హార్డ్‌వేరు మీద నింద మానెయ్యండి. వెలక్కపోతే మాత్రం హార్డ్‌వేరే పోయిందని అప్పుడే తీర్పు చెప్పకండి, ఆ లైనక్సుకి మీ చిప్పు కొత్తదై ఉండొచ్చు.

5. డివైస్ మేనేజర్లో డిస్‌ప్లే అడాప్టర్లు ఎన్ని? వాటిలో ఎక్కడైనా "బేసిక్" అన్న పదం ఉందా? పసుపు గుర్తు ఉందా? హార్డ్‌వేర్ ఐడీ ఏమిటి?

6. యూఎస్‌బీ-సి అయితే, ఆ పోర్టు బొమ్మ పంపగలదా? చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, కొన్ని చార్జింగుకీ డేటాకీ మాత్రమే. మధ్యలో డిస్‌ప్లేలింక్ రకం డాక్ ఉంటే దానికి దాని సొంత డ్రైవరు కావాలి.

7. బొమ్మ వస్తోంది గానీ మౌసు ఈడ్చుకుంటూ పోతోందా? 4కె మానిటరైతే కేబులూ పోర్టూ చూడండి. హెచ్‌డీఎంఐ 1.4 మీద 4కె సెకనుకి 30 ఫ్రేములే వస్తుంది, 60 కావాలంటే 2.0 ఉండాలి.

ఈ ఏడూ అయ్యాక కూడా తేలకపోతే అప్పుడు అనండి "పోర్టు పోయిందేమో" అని. "ఏమో" మర్చిపోకుండా అనండి.

అన్నట్టు, ఇది చదివి విండోస్ 10కి పరిగెత్తకండి. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు సపోర్టు ముగిసింది. నేనే దసరా సెలవుల్లో వెళ్ళి బాబాయి లాప్‌టాప్‌లో మళ్ళీ 11 వేసి, డాంగిల్ కొత్త డ్రైవరు పెట్టి వచ్చాను. ఈసారి మెకానిక్కు కుర్రాణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకున్నాను. హార్డ్‌వేర్ ఐడీ దగ్గరికి రాగానే "ఇది ఇక్కడే ఉంటదా అన్నా?" అని నోరెళ్ళబెట్టాడు. 8086, 10డీఈ, 1002... మూడూ తన టూల్‌కిట్టు మూత లోపల మార్కరుతో రాసుకున్నాడు. అతనికి పట్టింది పావుగంట. నాలుగేళ్ళ బీటెక్కు, ఆరేళ్ళ ఉద్యోగం తర్వాత నాకు ఆ పావుగంట ఎవరికైనా ఇవ్వాలని తోచడానికి ఇరవై ఎనిమిది వేల బిల్లు కావల్సొచ్చింది.

మీ ఇంట్లో కూడా మీరు ఫోన్లో "ఫార్మాట్ కొట్టించెయ్" అని చెప్పిన మనిషి ఒకరుండే ఉంటారు. ఈ ఆదివారం ఫోన్ చేసి ఆ తర్వాత ఏమైందో అడగండి. తిట్టరులెండి. అదే కష్టం.